మేలుకునే వంతు

వార్డెన్ జంపక్క ట్రంకు పెట్టె తాళం తీసింది. ప్రిన్సిపాల్ హరిప్రసాద్ రెండడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. హాస్టల్ ఆడపిల్లలు నోట్లో బ్రష్షులతో, భుజాల మీద తువ్వాళ్లతో వరండాలోకి వచ్చి చేరారు. పెట్టె మహిమది. బీఎస్సీ రెండో ఏడు చదువుతున్న ఆ పిల్ల స్తంభానికి ఆనుకుని, జరుగుతున్నది వేరెవరికో అన్నట్టు చూస్తూ ఉంది. లెక్చరర్ రోజారాణి కూడా అక్కడే ఉంది. ఉండి, ఆపకుండా ఊరుకుంది.

ముందురోజు ఇంటర్నల్ పరీక్షలో మహిమ సగం జవాబు రాసి, మిగతా సగం కాగితం మీద తల పెట్టి నిద్రపోయింది. భుజం పట్టి కుదిపితే గానీ లేవలేదు. లేచాక తను ఎక్కడుందో తెలియనట్టు చుట్టూ చూసింది. సాయంత్రానికల్లా కాలేజీ అంతా ఒకటే మాట: ఆ పిల్ల ఏవో మత్తు గోళీలు మింగుతోంది. ఎవరన్నారంటే ఎవరూ అనలేదు. ఇలాంటి మాటలకు కన్నవాళ్లుండరు, పెంచేవాళ్లే ఉంటారు.

జంపక్క ఒక్కో వస్తువే తీసి చాప మీద పెట్టింది. మడతపెట్టిన చుడీదార్లు, జిప్పు కవరులో బైబిలు, కొబ్బరినూనె సీసా, అడుగంటిన మామిడికాయ తొక్కు. లోపలి బట్టలు పైకి రాగానే వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. రోజారాణి చెవులు వేడెక్కాయి. ఆ బట్టల కింద ముడివేసిన చేతిరుమాలు కనబడింది. హరిప్రసాద్ కళ్లు మెరిశాయి.

"విప్పు," అన్నాడు.

ముడి విప్పితే నల్లటి గింజలు. ఆయన ఒకటి తీసి అరచేతిలో దొర్లించి, వాసన చూసి, తుమ్మాడు.

"ఏమిటివి?"

"మిరియాలు సార్," అంది మహిమ.

"ట్రంకు పెట్టెలో మిరియాలెందుకు?"

మహిమ తల తిప్పుకుంది. పిల్లలు నవ్వారు. వెతికింది దొరకనందుకు ఆయనకు కోపం తగ్గాల్సింది పోయి పెరిగింది. "శుక్రవారం మీ అమ్మానాన్నల్ని రమ్మను. ఈ పెట్టె, నిన్ను, రెంటినీ తీసుకుపోయేలా రమ్మను," అని చెప్పి చరచరా వెళ్లిపోయాడు. మహిమ వంగి లోపలి బట్టల మీద ముందు తువ్వాలు కప్పింది. తర్వాతే మిగతావి సర్దుకుంది. అది చూశాక రోజారాణికి తన మీద తనకే అసహ్యం పుట్టింది.

ఆమె అలా ఊరుకోవడానికి మూలం తను మొదలుపెట్టిన నిద్ర కార్యక్రమం. ఖానాపురం హవేలి దాటాక, చేలు ప్లాట్లుగా మారుతున్నచోట ఉన్న ఆ చిన్న రెసిడెన్షియల్ కాలేజీలో రోజారాణి జువాలజీ చెబుతుంది. పిల్లలు క్లాసులో కునికిపాట్లు పడుతున్నారని, నిన్న చదివింది ఈరోజు గుర్తుండటం లేదని, మందూ మాకూ లేకుండా నిద్ర బాగుచేయాలని నడుం కట్టింది. రాత్రి భోజనం కాగానే ఫోన్లన్నీ స్టీలు బేసిన్‌లోకి. మధ్యాహ్నం తర్వాత చాయ్ లేదు. మంచం మీద పుస్తకం తెరవకూడదు. పడుకునే ముందు గోరువెచ్చని నీళ్లతో కాళ్లు కడుక్కుని, ఊపిరి నెమ్మదిగా లోపలికి, ఇంకా నెమ్మదిగా బయటికి. పొద్దున్నే డాబా మీద ఎండలో నడక. ప్రతి సోమవారం కొన్ని మాటలు చదివి వినిపించి, కాసేపయ్యాక గుర్తున్నవి రాయమనేది. పిల్లలు ఆమెకు 'నిద్ర మేడం' అని పేరు పెట్టారు. పేరు పెట్టి నవ్వుకున్నా, మార్పు నిజంగానే వచ్చింది. కళ్ల కింద నలుపు తగ్గింది. మాటలు ఎక్కువ గుర్తుంటున్నాయి. ఎటూ పొంతన కుదరనిది ఒక్క మహిమే. ఒక వారం అందరికంటే ఎక్కువ మాటలు రాసేది, ఆ పై వారం ఫర్వాలేదనిపించేది, మరో వారం తన పేరే మరిచినట్టు కూర్చునేది. దొంగతనంగా రెండో ఫోన్ ఉంచుకుందని రోజారాణి గట్టిగా నమ్మింది. పెట్టె తీస్తే ఆ ఫోన్ బయటపడుతుందన్న ఆశతోనే ఊరుకుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేకపోయింది.

మర్నాడు పొద్దున డాబా మీద పిల్లలు నడుస్తుంటే మహిమను పిట్టగోడ దగ్గరికి పిలిచింది. ఆ పిల్ల కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"రాత్రి పడుకున్నవా?"

"లేదు మేడం."

అంత సూటిగా చెబుతుందని రోజారాణి అనుకోలేదు. "ఎందుకు పడుకోలేదు?"

"ఈ వారం మా నాయినది నైట్ షిఫ్టు మేడం. మూడు వారాలకొకసారి వస్తది."

"అయితే?"

ఇంత చదువుకున్నావిడకు ఈ మాత్రం తెలియదా అన్నట్టు చూసింది మహిమ. "నాయిన కింద ఉంటడు గద మేడం. మనిషి గనిల ఉన్నంతసేపు ఇంట్ల ఒక్కరన్న నడుం వాల్చకుండ ఉండాలె. మా ఇంట్ల గట్లనే. మా నాయినమ్మ ఉన్నప్పటిసంది."

"ఇంట్లో మీ అమ్మ ఉంది కదా?"

"అమ్మకు షుగరు. మేల్కొంట అంటది గానీ కూసున్న కాడ్నే తూగుతది. ఇంట్ల ఉన్నప్పుడు నైట్ షిఫ్టు వారం నేనే మేల్కొనేదాన్ని. ఇక్కడికొచ్చినంక నా వంతు ఎవరికిస్త?"

"ఆ మిరియాలు..."

"కండ్లు మూతలు పడ్డప్పుడు ఒకటి కొరుకుత."

కాళ్లు కడుక్కోమని, ఊపిరి లెక్కపెట్టమని తను చెప్పిందంతా చెవుల్లో మళ్లీ వినబడి రోజారాణికి సిగ్గేసింది. కొంచెం కోపం కూడా వచ్చింది. "ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు మహిమా?"

"మీరు అడిగిన్రా మేడం? ఫోన్ చూస్తున్నవా, చాయ్ తాగుతున్నవా, పరీక్షలకు భయపడుతున్నవా అని అడిగిన్రు. లేదన్న. ఉన్నదే చెప్పిన."

"కానీ నువ్వు ఇక్కడ మేలుకుంటే అక్కడ గనిలో ఏం మారుతుంది? నువ్వు పడుకున్నంత మాత్రాన ఏమీ కాదు."

"కాదని మీరు సంతకం పెడ్తరా?"

గొంతు పెంచకుండానే అడిగింది ఆ పిల్ల. ఎండలో నడుస్తున్న పిల్లలు చప్పట్లు కొడుతూ మరో చుట్టు మొదలుపెట్టారు. రోజారాణి అటు చూస్తూ ఉండిపోయింది. ఆ సంతకం తన వల్ల కాదు. పెట్టినా ఈ పిల్ల నమ్మదు. పడుకోమని చెప్పాల్సింది కన్నవాళ్లే, అదీ శుక్రవారంలోగా చెప్పాలి. లేకపోతే నిద్రపోయిన నేరానికి, కాదు, నిద్రపోనందుకు, ఈ పిల్ల చదువు ఆగిపోతుంది.

గురువారం సెలవు పెట్టి కొత్తగూడెం బస్సెక్కింది. అక్కడి నుంచి షేర్ ఆటోలో గనుల కాలనీకి చేరేసరికి పొద్దు వాలుతోంది, ఎండ మాత్రం ఇంకా చురుక్కుమంటోంది. మహిమ తల్లి సంపూర్ణ గడప మీద కూర్చుని చేటలో చింతచిగురు ఏరుతోంది. ఫలానా అని చెప్పగానే ఆమె గబుక్కున లేచి, వేలు పెదాల మీద పెట్టుకుంది.

"మెల్లగ మేడం. పక్కింట్ల కాశయ్యన్న పండిండు. రాత్రంత డ్యూటీ చేసి వచ్చిండు."

రోజారాణి గొంతు తగ్గించింది. "మీ ఆయన కూడా పడుకున్నారా? ఆయన లేచేదాకా ఉంటాను. ఇద్దరితో మాట్లాడాలి."

"ఆయన డ్యూటీకి పోయిండు మేడం."

"ఇప్పుడా? ఈ వారం నైట్ షిఫ్టు కదా?"

"నైటేంది మేడం, ఆయనది జనరల్..." అనబోయి సంపూర్ణ ఆగిపోయింది. చేట కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతుల్నే మళ్లీ తుడుచుకుంది. "మా మహిమ చెప్పిందా నైట్ అని?"

అప్పుడే ఆదాము సైకిల్ దిగాడు. టిఫిన్ సంచీ హ్యాండిల్‌కు వేలాడుతోంది. బొగ్గు మరక ఒక్కటీ లేని చొక్కా. ఆరుబయట సైకిల్ నిలబెట్టి ఇంటి మెట్లు ఎక్కడానికే ఆయాసపడ్డాడు. మేడం ఎవరో, ఏం అడుగుతోందో భార్య చెప్పగానే మెట్టు మీదే కూర్చుండిపోయాడు.

"క్రిస్మస్ అయినంక డాక్టర్లు నా ఛాతీ చూసిన్రు మేడం," అన్నాడు ఊపిరి కూడదీసుకుని. "కిందికి దిగొద్దన్నరు. అప్పటిసంది ల్యాంపు రూంల వేసిన్రు. దిగేటోళ్ల టోపీలైట్లు ఇచ్చుడు, వాపసు తీసుకునుడు. పొద్దుగాల పోయి మాపటికొస్త."

"మహిమకు చెప్పలేదా?"

"చెప్తే ఎందుకు మార్చిన్రని అడుగుతది. అడిగితే ఛాతీ ముచ్చట చెప్పాలె. చెప్తే తెల్లారి పెట్టె సర్దుకొని ఇంటికొస్తది. అది అసొంటిది."

"ఈస్టరుకు వచ్చిన నాలుగు రోజులు గూడ తెల్వనియ్యలేదు మేడం," అంది సంపూర్ణ, అదో ఘనకార్యంలా చెప్పాలో తప్పులా చెప్పాలో తేల్చుకోలేక.

రోజారాణి వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూసింది. తను విన్నది ఒకటికి రెండుసార్లు లోపల చెప్పుకుంటే గానీ అర్థం కాలేదు. ఆదాము గనిలోకి దిగడం లేదు. క్రిస్మస్ నుంచీ దిగడం లేదు. అంటే అక్కడ హాస్టల్లో ఆ పిల్ల మిరియాలు కొరుక్కుంటూ మేలుకున్నది ఎవరి కోసం? నాన్న గనిలో ఉన్నాడని ఆమె కూర్చున్న రాత్రులన్నీ ఆయన ఈ ఇంట్లోనే ఉన్నాడు. అందరి ముందూ పెట్టె తెరిపించుకున్నది, బంగారం లాంటి మార్కులు పోగొట్టుకున్నది, లేని షిఫ్టు కోసం.

దాచకుండా చెప్పేసింది. పరీక్షలో నిద్ర, పెట్టె, మిరియాలు, రేపటి గడువు, అన్నీ. చెబుతున్నంతసేపూ సంపూర్ణ కదల్లేదు. అయిపోయాక ఒక్కసారిగా నెత్తి కొట్టుకుంది.

"నేను మేల్కొంటున్న బిడ్డా, నువ్వు పండు అని ఫోన్ల చెప్తనే ఉన్న గద! అవ్ అవ్ అనేది!"

"మీ మాట నమ్మలేదు," అంది రోజారాణి.

"నమ్మకపోతే తప్పేముంది మేడం. నేను నిజంగ పండుతనే ఉన్న. ఈయన పైన్నే ఉన్నడు గదా అని కంటినిండ పండుతున్న. ఈయనకే నిద్ర లేదు. పండుకుంటే దగ్గొస్తదని రాత్రంత బయట కుర్చీల కూసుంటడు."

ఆదాము చేతులు రెండూ మోకాళ్ల మధ్య ఇరికించుకుని నేల చూశాడు. రేపు వచ్చి మీ నోటితో మీరే చెప్పాలి అని రోజారాణి అంటే, తల ఊపాడు. ఊపుతూనే, "ఎట్ల చెప్పాలె మేడం?" అని చిన్నపిల్లాడిలా అడిగాడు.

శుక్రవారం ప్రిన్సిపాల్ గదిలో భార్యాభర్తలు కుర్చీల అంచున కూర్చున్నారు. ఆదాము చర్చికి వేసుకునే తెల్లచొక్కా వేసుకొచ్చాడు. హరిప్రసాద్ ముందే తేల్చేసిన మొహంతో ఉన్నాడు. "సామాన్లు సర్దించమంటారా?" అన్నాడు.

"ముందు వాళ్ల మాట వినండి సార్," అంది రోజారాణి. ఆమె గొంతులో ఎప్పుడూ లేని బిరుసు విని ఆయన పెన్ను మూత పెట్టాడు.

మహిమ లోపలికి వచ్చి తండ్రిని చూడగానే ఉలిక్కిపడింది. "రాత్రి డ్యూటీ చేసి ఇట్లనే వచ్చినవా నాయినా? పండకుండ?"

ఆదాము నిలబడ్డాడు. దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలన్నీ ఆ ఒక్క ప్రశ్నకు చెదిరిపోయాయి.

"నేను కిందికి దిగుతలేను బిడ్డా."

"ఈ వారమా?"

"క్రిస్మస్ అయినప్పటిసంది."

మహిమ తల్లి వైపు చూసింది. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఈస్టరుకు నేనొచ్చినప్పుడు టిఫిన్ పట్టుకొని పోయినవు గద? గేటు దాక నేను గూడ వచ్చిన గద?"

"నువ్వు ఇంట్లకు పోయేదాక చూసి, చర్చి వరండాల కూసున్న."

హరిప్రసాద్ తనకొచ్చిన నవ్వును దగ్గుగా మార్చుకున్నాడు. మహిమ నవ్వలేదు, ఏడవలేదు. ఎవరో చెంప మీద కొడితే ఎందుకు కొట్టారో తెలియని మనిషిలా నిలబడింది. "ఎందుకు దింపుతలేరు?" అని అడిగితే ఆదాము చెయ్యి గుండె మీదికి పోయింది. మందులు వాడుతున్నానని, ముందుకంటే నయమని, బరువు పనులేవీ లేవని గబగబా చెప్పాడు. ఆ గబగబలోనే మళ్లీ ఆయాసం వచ్చింది.

"ఇయ్యాల చెప్పేదన్న నిజమని నాకెట్ల తెలుస్తది?" అంది మహిమ.

ఆదాము తల దించుకున్నాడు. హరిప్రసాద్ ఇబ్బందిగా కుర్చీలో కదిలాడు. "సరే సరే, ఏదైతేనేం, సమస్య తీరినట్టే. అమ్మాయి హాస్టల్లోనే ఉండొచ్చు. పరీక్ష కూడా మళ్లీ పెట్టిద్దాం. ఇక హాయిగా పడుకోవచ్చు," అన్నాడు.

మహిమ ఆయన వైపు తిరిగింది. "సార్, నా పెట్టెల గోళీలు దొరకలే."

"దొరకలేదమ్మా. అదే అంటున్నా."

"అది పిల్లలకు తెల్వదు. పెట్టె అందరి ముందట తీసిన్రు. దొరకలేదని గూడ అందరి ముందట చెప్పున్రి."

హరిప్రసాద్ ఏదో సర్దిచెప్పబోయాడు. "మీరు చెప్పకపోతే నేను చెబుతాను సార్. పెట్టె తీస్తుంటే నేనూ అక్కడే నిలబడ్డాను," అంది రోజారాణి. ఆయన గ్లాసెత్తి నీళ్లు తాగి, "ప్రేయర్‌లో నేనే చెబుతాలెండి," అన్నాడు.

అక్కడితో అయిపోయిందనే అనుకుంది రోజారాణి. సంపూర్ణ కూడా కన్నీళ్లు తుడుచుకుని లేవబోయింది. మహిమ మాత్రం తండ్రి ముందు నుంచి కదల్లేదు. ఏదో లెక్క కుదరనట్టు నుదురు ముడుచుకుంది.

"కాశయ్య కాక దిగుతుండా?"

"దిగుతుండు," అన్నాడు ఆదాము.

"ఈ వారం నైటేనా?"

"నైటే."

"చిన్నమ్మ పోయినంక కాక ఇంట్ల ఎవ్వరు లేరు గద. నువ్వు గూడ కింద లేకపాయె. కాకకు ఎవరు మేల్కొంటున్రు?"

ఆదాము కిటికీ బయటికి చూశాడు. తెల్లచొక్కా చేతి గుండీ ఒకటి విప్పాడు, మళ్లీ పెట్టాడు.

"నేనే."

సంపూర్ణ గొంతు గది దాటి వరండాలోకి వినబడింది. "దగ్గంటివి గద! పండుకుంటే ఆయాసమంటివి గద! రాత్రంత కుర్చీల కూసోని, పొద్దుగాల డ్యూటీకి పోయి... సచ్చిపోదామనుకున్నవా?"

"వాని ల్యాంపు పొద్దుగాల నా చేతికే వాపసొస్తది," అన్నాడు ఆదాము, ఎవరి వైపూ చూడకుండా. "అది చేతికొచ్చేదాక నాకు కన్ను మూతపడదు. ఏం చెయ్యమంటవ్?"

ఇలాంటిది రోజారాణి ఎక్కడా చదవలేదు. ఆ పిల్ల తండ్రి కోసం మేలుకుంది. తండ్రి తోటివాడి కోసం మేలుకున్నాడు. ఒకరికొకరు తెలియనివ్వకుండా మేలుకున్నారు. బేసిన్‌లో వేయించడానికి ఇక్కడ ఫోన్లు లేవు, మాన్పించడానికి చాయ్ లేదు.

మహిమ తండ్రి ముందు చెయ్యి చాపింది. "నీ ఫోనియ్యి."

"ఎవరికి? ఇప్పుడే పండుకొని ఉంటడు, లేపకు బిడ్డా."

"ఇయ్యి నాయినా."

స్పీకర్ పెట్టింది. చాలాసేపు మోగాక నిద్రలో నానిన గొంతు పలికింది. "ఎవలూ?"

"కాకా, నేను మహిమను."

"ఏమైంది? మీ నాయినకు ఏమన్న ఐందా? చెప్పు జల్దీ!"

"ఏం కాలే. ఇక్కడనే ఉన్నడు. నువ్వు నైట్ డ్యూటీల ఉన్నప్పుడు నాయిన రాత్రంత మేల్కొంటుండట. నీకు ఎరుకేనా?"

"ఎందుకు?"

"నువ్వు కింద ఉన్నవని."

"వాడు పిచ్చోడా ఏంది!" ఈసారి గొంతులో నిద్ర లేదు. "కింద చీకట్ల పనిచేస్తుంటే నాకుండే నిమ్మళం ఒక్కటే బిడ్డా. పైన మనోళ్లంత పండిన్రు, వాళ్లకే రంది లేదు అని. ఆదాముగాడన్న ఇంట్ల కడుపునిండ ఊపిరి పీల్చుకొని పండుతుండు అని. గదీ లేకుండ చేసిండు గద వాడు! వానికియ్యి ఫోను."

మహిమ ఫోన్ తండ్రి మొహం దగ్గర పెట్టింది.

"ఆ, కాశయ్యా..." అన్నాడు ఆదాము.

"ఇగ ఇంటుండు. రాత్రి నువ్వు ఆ కుర్చీల కనబడ్డవనుకో, కుర్చీ తీస్కపోయి గోదారిల ఏస్త. నన్ను చూసుకునుడు నాకు తెల్వదా? ఎన్నేండ్లు దిగినం ఇద్దరం! ఇగ పెట్టెయ్. రాత్రంత పనిచేసి వచ్చిన, నన్నన్న పండనియ్యిరి."

"పండుత కాశయ్యా," అన్నాడు ఆదాము బొంగురుగా. "ఇయ్యాల్టిసంది పండుత."

"కాక పెట్టేసిండు నాయినా," అంది మహిమ. ఆమె కళ్లలోంచి అప్పుడు నీళ్లు కారడం మొదలుపెట్టాయి. తుడుచుకోలేదు. "ఎవరికి చెప్తున్నవ్? నాకు చెప్పు."

ఆదాము కూతురి వైపు తిరిగాడు.

"పండుత బిడ్డా."